మేక తినే పూలు, తినని పూలు

మార్కాపురంలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీలో బైపీసీ గ్రూపు ఎత్తేసిన సంవత్సరం, నాకు నాలుగు నెలల పని ఒకటి దొరికింది. బేస్తవారిపేట చుట్టుపక్కల ఊళ్లలో దానంతట అదే మొలిచి పూసే మొక్కలన్నిటినీ ఒక రిజిస్టరులో రాయాలి. గళ్లు, పని అప్పజెప్పిన సర్కారు ఆఫీసువాళ్లే గీసి ఇచ్చారు. పువ్వు పేరు, రూపం, దొరికే చోటు, పూసే నెలలు, ఉపయోగం. నాటి పెంచినవి రాయకూడదు. పైదేశాల నుంచి వచ్చినవి రాయకూడదు. ఎమ్మెస్సీ బోటనీ చదివి పదకొండేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఇది నాలుగు వారాల పని అనీ, మిగతాది విశ్రాంతి అనీ లెక్క వేసుకున్నాను.

మొదటి వారంలోనే ఒక సంగతి తేలింది. నాకు పూలు తెలియవు. పదకొండేళ్లూ నేను బోర్డు మీద గీసింది మందారం. అది పరీక్షల్లో వచ్చేది, కాలేజీ గోడ పక్కన ఒక చెట్టు కూడా ఉండేది. ఊరి బయట కంప మీద పూసిన పచ్చటి పువ్వును చూస్తే, పచ్చగా ఉందని తప్ప నాకు ఇంకేమీ తోచలేదు.

ఊళ్లో అడుగుదామంటే ఇంకో చిక్కు. చేతిలో రిజిస్టరు, మెడలో ఐడీ కార్డు చూసి టీ అంగడి దగ్గర ఒక రైతు ఆపాడు.

"ఏం సర్వే సారూ?"

"పూల సర్వే."

"పూలదా, భూములదా?"

"పూలదే."

"పూలు సర్వే చేసి ఏం చేస్తారు?"

"రాసుకుంటాం."

దాంతో అది భూముల సర్వేనే అని ఆయనకు ఖాయమైపోయింది. ఆ రోజు నుంచి ఆ ఊళ్లో ఏ మొక్క చూపించి పేరు అడిగినా "అదా, పిచ్చి మొక్క" అనేవారు. వారం తిరిగేసరికి నా రిజిస్టరులో పిచ్చి మొక్క పదకొండు చోట్ల ఉంది.

ఎనిమిదో రోజున మేకలు కాసే ఒక పెద్దమ్మ కనబడింది. అరవై ఏళ్లు ఉంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, గిద్దలూరుకు ఇచ్చింది. ముప్పై దాకా మేకలు, పొడవాటి గెడకర్రకు కట్టిన కొడవలి, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు. ఆమెకు పొలం లేదు కాబట్టి భూముల సర్వే అన్నా భయం లేదు.

"ఈ పువ్వు పేరేంటి పెద్దమ్మా?" అని ఒక తెల్లపువ్వు చూపించాను.

ఆమె నన్నూ పువ్వునూ కలిపి చూసింది. "తుమ్మి. తుమ్మి తెలీదా? ఎంతవరకు చదివినావు?"

చెప్పాను.

"ఆ చదువులో తుమ్మి లేదా?"

ఉంది. లాటిన్ పేరుతో ఉంది. ఆ మాట చెప్పకుండా, రోజూ ఆమె వెంట తిరగవచ్చా అని అడిగాను. "తిరుగు. మేకలు నిన్నేం అనవు" అంది.

అట్లా తిరగడం మొదలుపెట్టాను. సెప్టెంబరు నెల, వానలు పడి నేలంతా తడిగా ఉంది. ఆమెకు పూలన్నీ రెండు జాతులు. మేక తినేవి, మేక తిననివి. తంగేడు తినదు. అందుకే దారి పొడుగునా అంత పచ్చగా, ఎవరి జోలికీ పోని పెద్దమనిషిలా సంక్రాంతి దాకా పూస్తుందని చెప్పింది. గునుగు తింటుంది. జొన్నచేలో కుచ్చులా పైకి లేస్తుంది, చివర గులాబీ, కింద తెలుపు. తుమ్మి అయితే ఇంకేమీ దొరకనప్పుడే తింటుంది. ఉమ్మెత్త, జిల్లేడు వాసన చూసి వదిలేస్తుంది. పల్లేరు లేతప్పుడు తింటుంది, ముళ్ల కాయ కాశాక తినదు. "పల్లేరు పువ్వు సూడు, పొద్దున ఎంత పచ్చగుంటదో. ఆ పువ్వును చూసి మోసపోయి చెప్పుల్లేకుండ నడిచినోళ్లు ఉన్నారు" అంది. ఆమె మాత్రం చెప్పులు వేసుకునే ఉంది.

గులకరాళ్ల నేల మీద గడ్డిలో అతుక్కుపోయి, చొక్కా గుండీ కన్నా చిన్న నీలం పువ్వు ఒకటి ఉండేది. విష్ణుక్రాంత. నేను అది చూసి రాసుకుని, మధ్యాహ్నం ఫోటో తీద్దామని వెనక్కి వెళితే ఒక్క పువ్వూ లేదు. ఎవరో కోసుకుపోయారనుకున్నాను.

"ఎవురూ కొయ్యలే. పన్నెండు దాటితే ముడుచుకుంటది. దానికీ ఆఫీసు టైముంది" అంది పెద్దమ్మ.

ఒక్క చోట మాత్రం మాకు పడలేదు. పొలం గట్ల మీద సన్నటి కాడ చివర పసుపు తెలుపు పువ్వు, గడ్డి చామంతి. అది మన దేశంది కాదు, సముద్రం అవతలి నుంచి వచ్చింది, రాయకూడదు అన్నాను.

"నా పెండ్లి నాటికే ఉంది."

"అయినా మనది కాదు పెద్దమ్మా."

"తెగిన వేలికి నలిపి పెడతాం. మేక తింటది. ఇన్నేండ్ల నుంచి ఈడ ఉంది. మనిషైతే ఈపాటికి రేషన్ కార్డు వచ్చుండేది."

నేను రాయలేదు. ఆమె మధ్యాహ్నం దాకా ఇంకో పువ్వు చూపించలేదు.

మూడో వారంలో నేను తప్పు చేశాను. పలకరాళ్లు తవ్వి తీసి వదిలేసిన పాత గుంత ఒకటి ఊరికి పడమరన ఉంది. దాని అంచున కంపకు అల్లుకుని అడవినాభి పూసింది. అంత అందమైన పువ్వును నేను అంతవరకు దగ్గర నుంచి చూడలేదు. రేకులు కిందకు వంగాల్సింది పోయి పైకి మెలితిరిగి ఉంటాయి. మొదటి రోజు పసుపు, తర్వాత నారింజ, చివరకు ఎరుపు. ఆకు చివర సన్నగా చుట్టుకుపోయి కంపను పట్టుకుంటుంది. కింద గడ్డ నాగలిలా వంకర తిరిగి ఉంటుందని చదివాను. చూడాలనిపించి తవ్వాను. గడ్డ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశాను. అంతలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, ఎన్ని పేజీలయ్యాయని. అక్కడ సిగ్నల్ సరిగా అందదు కాబట్టి మాట్లాడుతూ గట్టు మీదకు నడిచాను. అటునుంచి అటే ఇంటికి పోయాను. గడ్డ రాయి మీదే ఉండిపోయింది.

ఆ గడ్డ విషం. ఆ సంగతి నేను పరీక్షలో రెండు మార్కులకు రాశాను కూడా.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి పెద్దమ్మ మేకల దొడ్డి ముందు కూర్చుని ఉంది. నల్లమేక చచ్చిపోయి ఉంది. పాలిచ్చే మేక, రెండు నెలల పిల్ల ఉంది దానికి. సాయంత్రం మేకలను తోలుకొస్తుంటే తూలిందట. కక్కిందట. తెల్లారకముందే పోయిందట. పెద్దమ్మ ఇదంతా నా వైపు చూడకుండా చెప్పి, కొంగు ముడి విప్పి, పళ్ల గాట్లు పడ్డ గడ్డ ముక్క తీసి నా ముందు పెట్టింది.

"ఇది నేలలో ఉంటది. మేక నేల తవ్వదు. తవ్వింది నువ్వే గదా?"

"నేనే" అన్నాను.

ఆమె చాలాసేపు ఆ మేక చెవిని సవరిస్తూ కూర్చుంది. "దీన్ని పిల్లప్పుడు దోర్నాల నుంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చినా. కండక్టరు టికెట్టు అడిగినాడు" అంది. నా చెయ్యి జేబు వైపు పోయింది. ఆమె చూసింది. "అది లోపల పెట్టుకో. డబ్బులిచ్చి చేతులు కడుక్కుంటే నీకు బాగుంటది. నాకేం బాగుంటది?"

తర్వాత ఆమె చెప్పింది నేను ఊహించనిది. కూతురికి రెండో కాన్పు దగ్గర పడింది. గిద్దలూరు పోవాలి. మేకలను మరిదికి అప్పజెబుదామనుకుంటే ఆయన చెట్టు కింద పడుకుని మేకలను దేవుడికి వదిలేసే రకం.

"పది రోజులు నువ్వు కాయి."

"నాకు రాదు పెద్దమ్మా."

"పూలు గూడ రాకనే గదా వచ్చినావు."

ఒప్పుకున్నాను. మార్కాపురంలో మా ఇంట్లో చెబితే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "పది రోజులా, రోజుకు పన్నెండు గంటలా?" అని అడిగింది. రెండూ అని చెప్పాను. టోపీ ఒకటి కొనుక్కోమంది.

మొదటి రోజు పొద్దున పది గంటలకే మేకలు ఒకాయన కందిచేలో పడ్డాయి. నేను ఒక పక్క నుంచి అరుస్తుంటే అవి ఇంకో పక్కకు పోయి తింటున్నాయి. ఆ రైతు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొదటి వారంలో నన్ను భూముల సర్వే అన్న ఆయనే.

"ఏంది సారూ ఇది?"

క్షమించమని అడిగాను. పెద్దమ్మ మేకలనీ, నల్లమేక సంగతీ, గడ్డ సంగతీ అంతా చెప్పాను. ఆయన విని, మేకలను నాలుగు కేకలతో బయటకు తోలి, గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. "ముందర నడవగూడదు సారూ. ఎనక నడవాల. మొండిదాన్ని ఒకదాన్ని చూసి పెట్టుకో. అది యాడికి పోతే మిగతాయి ఆడికే పోతయ్" అన్నాడు. పోతూ పోతూ నా రిజిస్టరు గట్టు మూలన పడి ఉంటే తీసి చూశాడు. నిజంగానే పూలు రాసి ఉన్నాయి. రెండు పేజీలు తిప్పి, "ఈ పిచ్చి మొక్కలన్నింటికీ పేర్లున్నయ్. రేపు చెబుతాలే" అన్నాడు. చెప్పాడు కూడా. పదకొండులో ఏడింటికి.

మేకల వెనక నడవడం మొదలుపెట్టాక నేను చూసే తీరు మారింది. మనిషి తోవ పట్టుకుని పోతాడు. మేక పొద పొదకూ ఆగుతుంది. ఒక్కో పొద దగ్గర నిమిషం నిలబడక తప్పదు, కాబట్టి చూడక తప్పదు. నాలుగో రోజు రాళ్ల మధ్య ఒక తుమ్మకంప కింద చచ్చిన ఎలుక వాసన వచ్చింది. మేకల కాళ్ల కింద ఏదైనా పడిందేమోనని అరగంట వెతికాను. ఎలుక లేదు. బొటనవేలు లావున నాలుగు పలకల కాడలు, ఆకన్నదే లేదు, చివర ముదురు ఊదారంగు పువ్వుల గుత్తి, దాని మీద ఈగలు. వాసన ఆ పూలదే. ఊళ్లో కుందేటి చెవులు అంటారని తర్వాత రైతు చెప్పాడు. తేనెటీగల కోసం పూసే పూలు ఎన్నో ఉన్నాయి, ఈగల కోసం కూడా ఒకటి ఉండాలి కదా అనుకుని రాసుకున్నాను. రూపం గడిలో 'బాగుంటుంది' అనీ, పక్కనే 'దూరం నుంచి' అనీ రాశాను.

ఐదో రోజు రోడ్డు పక్కన మేపుతుంటే ఒక మోటారు సైకిలు ఆగింది. నా దగ్గర చదివిన అమ్మాయి, ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. వెనక ఆమె భర్త.

"సార్, మీరేనా?"

"నేనే అమ్మా."

మేకలను చూసింది. నా టోపీని చూసింది. "కాలేజీ?"

"ఇది ఫీల్డ్ వర్క్" అన్నాను.

ఆ అమ్మాయి భర్త వైపు తిరిగి, మా సార్ చాలా కష్టపడి చెప్పేవారని పరిచయం చేసింది. ఆయన నమస్కారం పెట్టాడు. ఆ సమయానికి ఒక మేక ఆయన సీటు కవరు నములుతోంది.

నల్లమేక పిల్ల సంగతి వేరు. అది మంద వెంట పోదు, నా వెంట వస్తుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం సీసాతో పాలు పట్టేవాణ్ణి. మొదటి రెండు రోజులు అది సీసాను కాదని నా వేలు చీకింది. తల్లి లేకుండా చేసినవాడి వేలు అని దానికి తెలియదు. నాకు తెలుసు. రాసుకునేటప్పుడు అది వచ్చి నా మోకాలికి ఆనుకుని పడుకుంటే కదలబుద్ధి అయ్యేది కాదు. ఆ పది రోజుల్లో రాసిన కొన్ని పేజీల్లో నా అక్షరాలు పక్కకు వాలి ఉంటాయి, అందుకే.

ఏడో రోజు అది తప్పిపోయింది. మధ్యాహ్నం పాల వేళకు చూస్తే లేదు. మందను చూడమని కందిచేను రైతుకు చెప్పి కొండ ఎక్కాను. కలివి పొదలు, బలుసు పొదలు, అన్నీ ముళ్లే. ఒక్కొక్క పొదా వంగి చూస్తూ పోయాను. రెండు గంటలయ్యేసరికి చేతులు గీరుకుపోయాయి, గొంతు పోయింది. పెద్దమ్మకు ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాను. ఒక్కటీ కుదరడం లేదు.

కొండ మలుపులో పెద్ద కలివి పొద వెనక అది నిలబడి ఉంది. తీరిగ్గా ఏదో నములుతోంది. దగ్గరకు పోయి చూస్తే, పొద మీదకు పాకిన సన్నటి తీగ. తీగకు ఒక పువ్వు. చిటికెన వేలు కణుపంత ఉంటుంది. కింద ఉబ్బి, మధ్యన గొట్టంలా సన్నబడి, పైన రేకుల చివర్లు ఒకదానికొకటి అంటుకుని చిన్న లాంతరులా ఉంది. లేత ఆకుపచ్చ మీద ఊదా మచ్చలు. ఆ జాతి పువ్వును నేను పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూశాను. చిన్న ఈగలు లోపలికి దిగుతాయి. లోపలి వెంట్రుకలు వాటిని బయటకు రానివ్వవు. పువ్వు వాడాక వెంట్రుకలూ వాడి, ఈగ పుప్పొడితో బయటపడుతుంది. ఇదంతా పాఠంగా చెప్పాను. నిజంగా ఉంటుందని అనుకోలేదు.

ఫోను తీసి కెమెరా తెరిచేలోపు మేకపిల్ల ఆ పువ్వును తినేసింది.

నేను రాతి మీద కూర్చున్నాను. దాన్ని తిట్టే హక్కు కూడా నాకు లేదు. కొంతసేపటికి లేచి చుట్టూ వెతికితే, మరో రెండు పొదల కింద అదే తీగ కనిపించింది. మొత్తం మూడు తీగలు, తొమ్మిది పూలు. మేకపిల్లను చంకలో బిగించుకుని ఫోటోలు తీశాను. అన్నిట్లోనూ మూలన ఒక చెవి ఉంటుంది.

పెద్దమ్మ రోజూ సాయంత్రం ఫోను చేసేది. కూతురికి ఆడపిల్ల పుట్టిందని ఒక్క మాట చెప్పి, "చెవి తెగినది నీళ్లు తాగిందా? కుంటిది ఎనకబడతాందా?" అని మంద సంగతంతా అడిగేది. ఆ రోజు ఈ పువ్వు గురించి చెప్పాను. తీగ ఎట్లుంది, ఆకు ఎట్లుంది అని అడిగి తేల్చుకుంది.

"అదా. దాని గడ్డ తినేటోళ్లం. మా నాయన అడివికి పోయి తవ్వుకొచ్చేవాడు. పచ్చిదే కొరుక్కుని తినేది. చల్లగుంటది."

"పేరేంటి?"

"తినే దానికి పేరెందుకు?" అంది. "అబ్బయ్యా, తవ్వినావా?"

"లేదు."

"సరే" అంది. ఆ రోజు నుంచి నన్ను అబ్బయ్యా అనే పిలిచింది.

ఆ ఫోన్లలోనే మిగతా సంవత్సరం పూసే పూలన్నీ రాసుకున్నాను. నా పని డిసెంబరుతో అయిపోతుంది, పూలు డిసెంబరుతో అయిపోవు. దోర్నాల దాటి శ్రీశైలం పోయే అడవి దారిలో శివరాత్రి నాటికి మోదుగ ఆకులన్నీ రాల్చి ఎర్రగా పూస్తుందనీ, వాసన ఉండదనీ చెప్పింది. అప్పుడే కొండగోగు కూడా, చెట్టు మోడులా ఉండి అరచేతి అంత పసుపు పూలు పూస్తుందట. ఎండలు ముదిరాక రేల. పొడుగ్గా కిందకు వేలాడే పచ్చటి గుత్తులు. పసిబిడ్డ ఏడుపు మధ్య, "ఉండు, మాఘమాసంలో ఇంకోటుంది" అంటూ చెప్పేది.

పది రోజులన్నది పదమూడయింది. పద్నాలుగో రోజు పెద్దమ్మ వచ్చింది. మంద ముందు నిలబడి అటు నుంచి ఇటు ఒక్కసారి చూపు తిప్పింది. అన్నీ ఉన్నాయి. మేకపిల్ల వెళ్లి ఆమె చీర వాసన చూసి, తిరిగి నా దగ్గరకు వచ్చింది.

"మేకలు చెడిపోయినయ్" అంది. "నిలబడి పూలు చూస్తున్నయ్."

ఆ మధ్యాహ్నం ఇద్దరం కొండ ఎక్కాం. తీగలను చూపించాను. ఆమె ముట్టుకోలేదు. వంగి ఒక పువ్వులోకి చూసి, "నా కాలంలో ఈ కొండంతా ఉండె" అంది. షర్బతుకు వాడే సుగంధి గడ్డలు కూడా ఇట్లాగే ఉండేవట. ఎవరో కొంటారని తెలిసిన రెండేళ్లలో గోతులే మిగిలాయట. "నీ పుస్తకం ఎవరన్నా చూడొచ్చా?"

"ఎవరైనా చూడొచ్చు. అందుకే రాయించేది."

"అయితే యాడుందో రాయమాక."

దొరికే చోటు అన్న గడిలో 'కొండ ప్రాంతం' అని రాశాను. ఆ మండలంలో కొండ లేని ఊరు తక్కువ. రిజిస్టరు ఇచ్చిన రోజు అధికారి అన్ని మొక్కలకూ లొకేషన్ ఉండి ఒక్కదానికే ఎందుకు లేదని అడిగారు. అక్కడ సిగ్నల్ లేదని చెప్పాను. ఆయన దాన్ని వదిలి, ఉపయోగం గడి దగ్గర ఆగారు. చాలా వరుసల్లో 'మేక తింటుంది' అనీ, మిగతా వరుసల్లో 'మేక తినదు' అనీ ఉంది.

"ఇది సైంటిఫిక్‌గా లేదండీ."

"పరీక్షించి రాసిందే సార్."

కంప్యూటర్ ఆపరేటరు దాన్ని 'పశుగ్రాసం' అని మార్చి టైపు చేశాడు. అడవినాభి దగ్గర ఉపయోగం గడి ఖాళీగా ఉంటే, ఏదో ఒకటి ఉండాలన్నాడు. 'తవ్వరాదు' అని రాయించాను.

నా పని అయిపోయాక గిద్దలూరులో ఒక స్కూల్లో సైన్సు చెప్పే ఉద్యోగం దొరికింది. ఫిబ్రవరిలో సెలవు పెట్టి దోర్నాల బస్సెక్కాను. పెద్దమ్మ నోటి మాట మీద రాసినవి కళ్లతో చూడాలని. చెక్‌పోస్టు దాటగానే మోదుగలు పూసి ఉన్నాయి. ఘాట్ దారి మలుపుల్లో కొండగోగులు. ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది. రేల మాత్రం ఆ వేసవిలో ఆమె చెప్పినదానికన్నా ఇరవై రోజులు ఆలస్యంగా పూసింది. ఫోను చేసి ఆ మాట చెప్పాను.

"ఏం, అదేమన్నా నీ పుస్తకంలో సంతకం పెట్టిందా?" అంది పెద్దమ్మ. తర్వాత మనవరాలికి పళ్లు వస్తున్నాయనీ, కందిచేను రైతు నా గురించి అడిగినాడనీ, ఆదివారం వీలైతే వచ్చి పొమ్మనీ చెప్పింది.